కాశీలో వదిలిన కాఫీ

కాశీకి వెళ్ళినవాళ్ళు కాయో పండో వదిలి రావాలని మా వైపు ఆనవాయితీ. గంగలో మునిగి, ఇక జన్మలో దీన్ని ముట్టనని ఒకటి అనుకోవాలి. అది ఇష్టమైనదే అయి ఉండాలట. పెద్దలు ఎంత చెప్పినా మనవాళ్ళు మనవాళ్ళే కనుక, మా వీధిలో కాశీ వెళ్ళొచ్చిన వాళ్ళంతా కాకరకాయో పొట్లకాయో వదిలి చేతులు దులుపుకున్నారు. మామిడిపండు వదిలిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా ఆయన బెంగళూరు వంకాయ వదిలారు. ఆ కాయ మా ఇంటి గుమ్మం తొక్కిన రోజు నాకైతే గుర్తు లేదు.

నేను కాఫీ వదిలాను.

ఎందుకు వదిలానో చెప్పాలంటే ముందు నా కాఫీ సంగతి చెప్పాలి. నిడదవోలు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. పొద్దున్నే పళ్ళు తోముకోగానే కాఫీ, వంట పొయ్యి మీద ఉండగా కాఫీ, బడికి ఫ్లాస్కు నిండా కాఫీ, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మళ్ళీ కాఫీ. నేను తాగడం ఒక్కటే కాదు, ఇంటికి వచ్చినవాళ్ళు తాగకుండా వెళ్ళడం కూడా నాకు గిట్టదు. వద్దన్నా వినను. "ఒక్క గుక్కేనండి, మా ఇంటి కాఫీ రుచి చూడండి" అంటూ చేతిలో పెట్టేస్తాను. గోదావరి జిల్లాల మర్యాద అంటారే, అందులో సగం మర్యాద, సగం బలవంతం.

గుండె ఊరికే దడదడలాడుతోందనీ, నిద్ర పట్టడం లేదనీ మా ఆయన నన్ను రాజమండ్రి తీసుకెళ్ళారు. డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేయించి, గుండె నిక్షేపంలా ఉందన్నారు. "కాఫీ ఏమాత్రం తాగుతారండీ?" అని అడిగారు.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటండి."

పక్కన కూర్చున్న మా ఆయనకు అప్పుడే దగ్గు వచ్చింది. డాక్టరుగారు ఆయన వంకా నా వంకా చూసి, ఆ రెండూ కూడా మానేస్తే మంచిదన్నారు.

మానడానికి చాలా తంటాలు పడ్డాను. ధనియాల కాఫీ తాగాను. అది కాఫీ అయితే చారు కూడా కాఫీయే. రాగిజావ తాగాను. కడుపు నిండింది గానీ ప్రాణం ఊరుకోలేదు. మా ఆయన చూస్తుండగా ఫిల్టరు అటక మీదికి ఎక్కించాను. ఆయన బజారుకెళ్ళగానే స్టూలు వేసుకుని దింపాను. ఒకసారి స్టూలు మీద ఉండగానే ఆయన సంచీ మర్చిపోయి వెనక్కి వచ్చారు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అన్నారు. "నాకు పుట్టుకతో రాలేదు, మీ అమ్మగారు అలవాటు చేశారు" అన్నాను. అది నిజమే. మా పుట్టింట్లో పెళ్ళికాని ఆడపిల్లలకు కాఫీ ఇచ్చేవారు కాదు.

ఇలా కాదు, దేవుడి దగ్గర ఒట్టు పడితే తప్ప నా వల్ల కాదని కాశీ రైలెక్కినప్పుడే అనుకున్నాను. ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదులెండి. ఘాటు దగ్గర సంకల్పం చెప్పించే తెలుగు పంతులుగారు అందరినీ వరుసలో నిలబెట్టి, ఎవరెవరు ఏమేం వదులుతున్నారో పైకి చెప్పమన్నారు. పొట్లకాయ, కాకరకాయ, మళ్ళీ పొట్లకాయ. నాకు నవ్వొచ్చింది. నా వంతు రాగానే "కాఫీ అండి" అన్నాను, కాస్త గట్టిగానే. వరుసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. పంతులుగారు కూడా "మంచి గట్టి మనిషివమ్మా" అన్నారు. అప్పుడు నాకు కలిగింది భక్తి కాదు, గర్వం. ఆ గర్వంతోనే మునిగాను, ఆ గర్వంతోనే లేచాను.

తిరుగు ప్రయాణంలోనే తల పగలడం మొదలైంది. ప్రతి స్టేషన్లోనూ కిటికీ దగ్గరికి వచ్చి "చాయ్, కాఫీ" అని అరిచే వాళ్ళందరూ నా మీద పగబట్టినట్టే ఉన్నారు. ఇంటికి వచ్చాక కూడా కణతల దగ్గర నొప్పి తగ్గలేదు. బడిలో పిల్లలు చీటికిమాటికి తిట్లు తిన్నారు. అయినా నిలబడ్డాను. నిలబడ్డానని స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను. లెక్కల మాస్టారు లేచి దణ్ణం పెట్టారు.

"అయితే ఇప్పుడు నా గతేంటండీ వదినా?" అంది మా హిందీ టీచరు.

ఆమె గురించి చెప్పాలి. నాకన్నా కొన్నేళ్ళు చిన్నది. మా ఊళ్ళోనే ఉంటుంది. ఇద్దరం ఒకే ఆటోలో బడికి వెళ్ళొస్తాం. నా భుజం మీద నిద్రపోతుంది, నా చీర కుచ్చిళ్ళు సరిచేస్తుంది, హెడ్మాస్టరుగారిని అనుకరించి నన్ను నవ్విస్తుంది. నన్ను మొదటి నుంచీ వదినా అనే పిలుస్తుంది. ఇంటర్వెల్ గంట కొట్టగానే నా ఫ్లాస్కు మూత తిప్పేది ఆమే. పెద్ద మూత నాకు, చిన్న కప్పు తనకు. "పొద్దుటి నుంచీ ఈ గుక్క కోసమే బతికున్నానండీ" అనేది. అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. బడిలో మాకు వదినామరదళ్ళని పేరు.

మేం కాశీలో ఉండగానే ఆమె తల్లికి మోకాలి ఆపరేషను అయింది. ఆవిడ కూడా టీచరే. పల్లెటూళ్ళలో చిన్న బడుల్లో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యారు. చూసి రావాలని ఒక ఆదివారం మధ్యాహ్నం యాపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళాను. రైలు గేటు దాటాక, చర్చి వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ఆ వీధిని ఊళ్ళో అందరూ పేట అంటారు. వాళ్ళది తాతల నాడే చర్చిలో చేరిన కుటుంబం. అంతకుముందు మాలాంటి వాళ్ళ పొలాల్లో నడుము వంచిన కులం. ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. రాయకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు కనుక రాస్తున్నాను.

ఇన్నేళ్ళ స్నేహంలో ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అప్పుడు నాకు అది వింతగా తోచలేదు.

ఇల్లు అద్దంలా ఉంది. గోడమీద బైబిలు వాక్యం అచ్చువేసిన క్యాలెండరు, దాని కింద తల్లీకూతుళ్ళ ఫొటో. పెద్దావిడ వాకర్ పట్టుకుని ఎదురొచ్చారు. లేవొద్దన్నా వినలేదు. నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, కూతుర్ని నా దగ్గర ఉంచి, ఆ వాకర్ మీదే వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి కూతురు లోపలికి వెళ్ళి ట్రే పట్టుకొచ్చింది. అందులో పువ్వుల పింగాణీ కప్పులు. వాసన నా దాకా వచ్చేసింది. చిక్కటి డికాక్షను, అప్పుడే కాచిన పాలు.

"కాశీ సంగతి మా అమ్మాయి చెప్పిందండి" అన్నారు పెద్దావిడ, గుమ్మానికి ఆనుకుని. "అయినా మొదటిసారి మా ఇంటికి వచ్చారు. రోజూ మీ ఇంటి కాఫీ తాగొచ్చి మాకు కథలు చెబుతుంది ఇది. మీ అంత బాగా రాకపోయినా, ఒక్క గుక్క పుచ్చుకోండి."

"అయ్యో, వద్దండి. ఒట్టు పెట్టుకున్నాను కదా."

"పోనీ పాలు పుచ్చుకుంటారా?"

"ఇప్పుడే భోంచేసి వచ్చానండి."

"మజ్జిగ తేనా? ఎండన పడి వచ్చారు."

"ఏమీ వద్దండి, మీరు కూర్చోండి ముందు."

"మంచినీళ్ళయినా?"

నేను సంచీలోంచి నా నీళ్ళ సీసా తీసి చూపించాను. నవ్వుతూనే చూపించాను.

పెద్దావిడ ఇంకేం అడగలేదు. వచ్చి కూర్చున్నారు. మోకాలి గురించి, డాక్టర్ల గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నాం. ట్రేలో కప్పులు అలాగే ఉన్నాయి. కాఫీ మీద మీగడ కట్టింది. నేను లేచేటప్పుడు హిందీ టీచరు గేటు దాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్ళండి వదినా" అంది. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను, ఎంత బలవంతం చేసినా తాగలేదని. గొప్పగా చెప్పాను.

తర్వాతి వారం హెడ్మాస్టరుగారు అన్నవరం వెళ్ళి సత్యనారాయణ వ్రతం చేసుకొచ్చారు. ప్రసాదం పంచడానికి సాయంత్రం స్టాఫ్‌నందరినీ ఇంటికి పిలిచారు. హెడ్మాస్టరుగారు మా వాళ్ళే. మా వాళ్ళే అంటే ఏమిటో మా వైపు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో నేను ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళిపోతాను. వెళ్ళాను కూడా. అక్కడ ఆయన అత్తగారు ఇత్తడి ఫిల్టరులోంచి డికాక్షను వంచుతున్నారు. ఆ రోజు నాకు పొద్దుటి నుంచీ తలనొప్పి.

"ఇంద, తాగు" అన్నారావిడ.

"కాశీలో వదిలేశాను పిన్నిగారూ."

"నువ్వు వదిలింది కాశీలో కాఫీనే. ఇది గోదారి నీళ్ళతో పెట్టింది. దానికీ దీనికీ ఏంటి సంబంధం? ఒక్క గుక్కేనమ్మా, తలనొప్పి పోతుంది."

వంటింట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ గ్లాసు అందుకున్నాను. అంతే. ఇంతకన్నా పెద్ద బలవంతమేమీ జరగలేదు. ఒక గుక్క తాగాను. నాలుక మీద ఆ చేదు తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అంత హాయిగా ఉంది. పవిట చెంగుతో గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ, హాల్లోకి నడిచి వచ్చాను.

హిందీ టీచరు అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. తల్లికి మందులిచ్చి రావడంతో ఆలస్యమైందని ఎవరితోనో చెబుతోంది. చెబుతూ తలెత్తి నన్ను చూసింది. గ్లాసు చూసింది. ఆ గ్లాసు నా పెదవుల దగ్గరే ఉంది. దించాలో, తాగాలో తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఎప్పటి నుంచో అనుమానం ఉన్న సంగతి ఒకటి రూఢి అయితే మనిషి మొహం ఎలా సద్దుమణుగుతుందో, అలా ఉంది. నమస్కారం పెట్టి లోపలికి వచ్చింది. హెడ్మాస్టరుగారి అత్తగారు ఆమెకూ కాఫీ తెచ్చారు. "ఇప్పుడే తాగి వచ్చానండి" అంది. ప్రసాదం పొట్లం రెండు చేతులా అందుకుంది. లెక్కల మాస్టారి పక్క కుర్చీలో కూర్చుని పరీక్షల గురించి మాట్లాడి, నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోగా వెళ్ళిపోయింది.

మర్నాడు ఆటోలో "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది.

ఇన్నేళ్ళూ వదినా అన్న మనిషి. ఆ తర్వాత నోరు జారి కూడా ఆ పిలుపు పిలవలేదు. మిగతాదంతా మామూలే. వర్షం గురించి మాట్లాడింది, పేపర్లు దిద్దడం గురించి మాట్లాడింది, నేను జోకు వేస్తే నవ్వింది. నా భుజం మీద మాత్రం తల వాల్చలేదు.

ఒట్టు ఎలాగూ గోదాట్లో కలిసిపోయింది. కాఫీతో పోయింది కాఫీతోనే తెచ్చుకుందామనే పిచ్చి ఆలోచనతో మరుసటి రోజు ఫ్లాస్కు నింపుకుని వెళ్ళాను. ఇంటర్వెల్‌లో ఆమె మూత తిప్పడానికి రాలేదు. నేనే తిప్పి, పెద్ద మూత నిండా పోసి ఆమె ముందు పెట్టాను.

"నేను మానేశానండీ మేడమ్" అంది.

"అదేంటి, మీరూ కాశీ వెళ్ళొచ్చారా?" అన్నారు లెక్కల మాస్టారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ కాఫీ నేనే తాగాను. చల్లారేదాకా ఆగి తాగాను.

మా వైపు ఒకరి ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వస్తే దానికి ఒకటే అర్థం. ఆ అర్థం తెలియని పిల్లవాడు కూడా ఉండడు. అది నాకు ఆ ఆదివారం తట్టలేదా అంటే, తట్టలేదు. అదే నా సిగ్గు. నాకు అలాంటి పట్టింపులు లేవన్న ధీమాతో బతుకుతున్నాను. ఏటా తొమ్మిదో తరగతికి సమానత్వం పాఠం చెబుతాను. ఆ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు కాస్త లేస్తుంది కూడా. చెప్పేవి శ్రీరంగ నీతులు.

ఒట్టు వల్లే తాగలేదని మొదట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాఫీ అంటే ఒట్టు. మరి పాలకు ఏం ఒట్టు? మజ్జిగకు ఏం ఒట్టు? భోంచేసి వచ్చానన్నాను గానీ, ఆ రోజు తలనొప్పితో అన్నం సగంలో వదిలేసి వచ్చాను. ఎండలో నడిచి వచ్చి గొంతు ఎండిపోతోంది. ఆ ఇంట్లోంచి బయటికి వచ్చి, వీధి మలుపు తిరగ్గానే నా సీసాలో నీళ్ళు గటగటా తాగాను. అది కూడా గుర్తొచ్చింది.

ఒకటి గుర్తొస్తే ఊరుకుంటుందా? ఇన్నేళ్ళూ కాఫీ నా ఇంటి నుంచే వెళ్ళింది. ఆమె ఇంటి నుంచి నా దగ్గరికి ఏదీ రాలేదు. రాలేదని అనుకున్నాను. వచ్చింది. ఏటా క్రిస్మస్‌కు ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టేది. కేకు, గవ్వలు, జంతికలు. "అమ్మ స్వయంగా చేసిందండీ వదినా" అనేది. నేను ఎంతో సంతోషంగా తీసుకునేదాన్ని. ఇంటికి తీసుకెళ్ళి మా పనిమనిషికి ఇచ్చేదాన్ని. మా ఇంట్లో తీపి ఎవరూ పెద్దగా తినరు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. పూతరేకుల డబ్బా వస్తే మా ఆయనకు దక్కకుండా దాచుకునే మనిషిని నేను. జనవరిలో డబ్బా తిరిగి ఇస్తూ, "గవ్వలు ఎంత బాగున్నాయో!" అనేదాన్ని కూడా. అప్పుడు ఆమె మొహం వెలిగేది. ఆ మొహం ఇప్పుడు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇది కావాలని చేశానా? లేదు. అందుకే మరీ భయం వేసింది. కాఫీ తాగాలంటే నీళ్ళు మరిగించాలి, పొడి వెయ్యాలి, ఎంతో కొంత తెలిసి చెయ్యాలి. ఇది తెలియకుండానే జరిగిపోయింది. కాఫీ అలవాటు నాకు పెళ్ళయ్యాక వచ్చింది. ఇది అంతకన్నా ముందే వచ్చింది. కాశీలో దీన్ని వదలమని ఎవరూ అడగలేదు, నా దగ్గర ఉందని నేనూ అనుకోలేదు.

ఆమెతో మాట్లాడాలని ఆటోలో ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఏమని మాట్లాడను? "నేను మీ ఇంట్లో తాగకపోవడానికి కారణం అది కాదు" అనాలంటే, ఆ అది ఏమిటో ముందు నా నోటితో నేనే అనాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. పోనీ తప్పయిందని అందామా అంటే, ఆమె "ఏం తప్పండీ మేడమ్?" అని అడిగితే ఏం చెప్పను? అడుగుతుంది కూడా. ఆమె తెలివైనది.

మా ఆయనతో చెప్పాను. క్రిస్మస్ డబ్బాల సంగతి తప్ప అంతా చెప్పాను. "ఒక కప్పు కాఫీకి ఇంత రాద్ధాంతం ఏంటి? తలనొప్పి తట్టుకోలేక తాగానని చెప్పెయ్" అన్నారు. ఆ తలనొప్పి నేను వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడూ ఉంది కదా అని ఆయనకు తట్టలేదు. కాసేపటికి తట్టినట్టుంది. పేపరు మడిచి పక్కన పెట్టి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి వెళ్ళి తాగి రావడమే మార్గమని తేల్చుకున్నాను. మాటలతో చెప్పలేనిది చేతలతో చూపిస్తే అర్థం చేసుకుంటుందనుకున్నాను. ఒక ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు బయలుదేరాను. సీసా తీసుకెళ్ళలేదు. పళ్ళు కూడా తీసుకెళ్ళలేదు. దారిలో నాలుగైదు రకాలుగా మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ నచ్చలేదు. చర్చిలోంచి తెల్లచీరల ఆడవాళ్ళు బైబిళ్ళు గుండెలకు హత్తుకుని బయటికి వస్తున్నారు. వాళ్ళలో కొందరు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. వాళ్ళ పిల్లలు మా బడిలో చదివారు.

పెద్దావిడకు వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోయారు గానీ, "రండమ్మా, రండి" అని అదే ఆదరంతో పిలిచారు. కూతురు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, పట్టుచీరలో ఉంది. "రండి మేడమ్" అంది.

కూర్చోగానే అనేశాను. ఆలస్యం చేస్తే అనలేనని భయం. "కాఫీ తాగి వెళ్దామని వచ్చానండి. కాశీ ఒట్టు నిలబెట్టుకోలేకపోయాను."

పెద్దావిడ మొహం విప్పారింది. "దానిదేముందమ్మా, ఒట్లు అందరం పెట్టుకుంటాం. ఉండండి, పెట్టేస్తాను" అంటూ లేచారు. రెండడుగులు వేసి ఆగారు. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, నాకు ఇబ్బంది కలగకూడదన్నట్టుగా అడిగారు.

"పేపరు గ్లాసులున్నాయండి, కొత్తవి. అందులో ఇమ్మంటారా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. ఆవిడ నిజంగానే నా కోసం ఆలోచించారు. పల్లెటూళ్ళలో బడిపంతులమ్మగా ఎన్ని ఇళ్ళ ముందు నిలబడి ఈ విద్య నేర్చుకున్నారో. ఎదుటివాళ్ళు నోరు తెరిచి అడిగే అవసరం లేకుండా, తామే ముందు తగ్గిపోయే విద్య. నాకు తల కొట్టేసినట్టయింది. కూతురి వైపు చూశాను, ఏదైనా అని నన్ను గట్టెక్కిస్తుందేమోనని. ఆమె కిటికీ రెక్క పట్టుకుని నిలబడి, నేనేం చెబుతానో అని చూస్తోంది.

"మీరు రోజూ తాగే దాంట్లోనే ఇవ్వండి" అన్నాను.

స్టీలు గ్లాసులో తెచ్చిచ్చారు. నాకొక్కదానికే. "నువ్వు?" అని కూతుర్ని అడిగాను. "మానేశానని చెప్పాను కదండీ" అంది. పెద్దావిడ కూడా ఇందాకే తాగానన్నారు. వాళ్ళిద్దరూ చూస్తుండగా నేను తాగాను. కాఫీ బాగుంది. నాకన్నా బాగా పెట్టారు. ఆ మాట అనబోయి ఆగిపోయాను. గవ్వలు ఎంత బాగున్నాయో అన్న గొంతుతోనే ఇదీ అంటానేమోనని భయం వేసింది. అడుగున ఉన్న పంచదార కూడా వదలకుండా తాగాను. మందు తాగే పిల్లని కాపలా కాసినట్టు కూర్చున్నారు పెద్దావిడ. ఆఖరి గుక్క అయ్యాక ఆవిడ ఊపిరి వదిలారు.

ఇక ఏం చెయ్యాలో తోచలేదు. ఊరికే కూర్చోలేక గ్లాసు పట్టుకుని లేచాను. సొంత మనిషిలా ఉందామని, వంటింటి సింకు వైపు నడిచాను. కుళాయి తిప్పి గ్లాసు తడుపుతుంటే వెనకాల నుంచి హిందీ టీచరు వచ్చింది. నా చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకుంది.

"వద్దండీ. మా ఇంట్లో తాగినవాళ్ళ చేత గ్లాసు కడిగించం" అంది.

మా పుట్టింట్లో కూలికి వచ్చినవాళ్ళు కాఫీ తాగిన గ్లాసు వాళ్ళే కడిగి, పెరటి గోడమీద బోర్లించి వెళ్ళేవారు. ఈ సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. తడి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఆమె గ్లాసు సింకులో పెట్టి, కొక్కేనికి ఉన్న తువ్వాలు తీసి నాకిచ్చింది.